దోసెడు ఎండ

స్కూలు బ్యాండు పిల్లలకి కొత్త బాకాలు కొనాలని
నవంబరు శనివారం, జిమ్ హాల్లో పాతసామాన్ల సంత.
స్కీ బూట్లు, అల్లికసూదులు, చెవి విరిగిన కాఫీ కప్పులు,
వాటన్నిటి అడుగున
బూడిదరంగు ఉన్ని మేజోట్లో ఒక లెన్సు.

యాభై మిల్లీమీటర్లు. జపాన్ది.
చలికి బిగుసుకున్న ఫోకస్ రింగు
అరచేతుల మధ్య కాసేపు ఉంచితే
ముసలి పిల్లిలా మెల్లగా ఒళ్ళు విరిచింది.
రేకులు విచ్చుకున్నాయి, ముడుచుకున్నాయి.
బూజు లేదు. నూనె చెమ్మ లేదు.
గాజు మాత్రం పసుపు,
పలచటి టీ డికాక్షనంత పసుపు.

"పాడైపోయింది, ఇరవై క్రోనర్లివ్వు చాలు" అంది ఓషిల్.
వాళ్ళ నాన్నదట.
పడవ మీద వల లాగే యంత్రంలో రెండు వేళ్ళు పోయాక
బీరువాలో పెట్టాడట, మళ్ళీ తీయలేదట.

పాడవలేదని నాకు తెలుసు.
ఆ కాలపు గాజులో థోరియం కలిపేవాళ్ళు.
చీకట్లో మూసిపెడితే
తన లోపలి సెగకి తనే పసుపెక్కుతుంది.
ఎండలో పెడితే విరిగిపోతుంది ఆ రంగు.
తెలిసీ నోరు మెదపలేదు.
ఇరవై ఇచ్చి, ఇంకో పది పెట్టి వాఫిల్ తిన్నాను,
జామ్ ఎక్కువ వేయించుకుని.

ఇంట్లో సొరుగు నిండా పద్నాలుగు లెన్సులు,
పనిచేసే కెమెరా ఒక్కటి.
ఈ లెక్క నన్నెవరూ అడగకూడదు.

పదిహేనోదాన్ని దక్షిణపు కిటికీలో నిలబెట్టాను.
ఎండబెట్టడమంటే మా ఊళ్ళో చేపల్నే,
అదీ ఎండకి కాదు, గాలికి.
ట్రోమ్సోలో సూర్యుడు అప్పటికే సెలవు చీటీ రాసి
కొండల వెనక్కి దిగిపోయాడు.

వంతెన దాటి క్వాలోయా వెళ్ళే బస్సు నాది.
డిసెంబరులో ఒక పొద్దున, పొద్దున అంటే గడియారంలోనే,
ఓషిల్ ఎక్కింది.
"ఏం చేశావు ఆ గుడ్డికన్ను?"
"ఎండలో పెట్టాను."
మూడు స్టాపుల దాకా నవ్వుతూనే ఉంది.

పక్కింటి ఇవెర్ చెప్పాడు:
గోళ్ళరంగు ఆరబెట్టే నీలం దీపం ఉంది మా అక్క దగ్గర,
రెండు రోజుల్లో తేల్చేస్తుంది.
వద్దన్నాను. ఎందుకో నాకూ తెలీదు.
అంత ఏళ్ళు చీకట్లో ఉన్నదానికి
తొందరేముంది అనిపించింది కాబోలు.

జనవరి ఇరవై ఒకటిన
జామ్ నింపిన సూర్యుడి బన్నులు చేతుల్లో పట్టుకుని
ఊరంతా దక్షిణానికి తిరిగి నిలబడింది.
నాలుగు నిమిషాలు.
కిటికీలో లెన్సు మీద గోరంత వెలుగు పడి, జారి, పోయింది.
మర్నాడు మంచు. ఆ మర్నాడూ మంచు.

మార్చికి తేనె రంగు.
పచ్చకామెర్ల కంటికి లోకమంతా పచ్చనే అంటారు గాని
నలుపుతెలుపు ఫిల్ముకి ఆ జబ్బే మందు.
ఆకాశం ఒక మెట్టు నల్లబడి
మబ్బులు లేచి కూర్చున్నాయి రేవు మీద.
ఆ ఒక్క రీలే తీశాను దాంతో.

మే నెలలో రాత్రంటూ లేదు.
పన్నెండు గంటల ఎండ కూడా కిటికీలోకి వచ్చి కూర్చుంది.
లెన్సు ఊటనీళ్ళలా తేరుకుంది.

చివరి స్టాపులో, ఖాళీ బస్సులో
ఓషిల్ చేతికిచ్చాను.
ఒక కన్ను మూసి చూసింది.
సీట్లని, తుడుపుకర్రని, నన్ను.
ఎంతసేపు చూసిందో, బయల్దేరే టైము దాటింది.

"ఇది బాగవుతుందని ముందే తెలుసా నీకు?"
తెలుసన్నాను.
ఏమీ అనలేదు. పర్సు తీసి
ఒక ఇరవై బిళ్ళ డ్యాష్‌బోర్డు మీద పెట్టింది.
తీసుకున్నాను. బేరమాడే ముఖం లేదు.

సొరుగులో మళ్ళీ పద్నాలుగే.
మేజోడు ఇవ్వడం మర్చిపోయాను.
మడమ దగ్గర ఎవరో వేరే రంగు దారంతో కుట్టారు.
రెండోది ఏమైందో
ఈసారి బస్సెక్కితే అడగాలి.